కొమురయ్య కాక కర్రతో కొట్టి చూసిన కాగితం

పక్కింట్లో టైల్స్ వేసే పని నడుస్తోంది. మేస్త్రీ ఒక్కో పలకను పరిచాక, చిన్న కర్ర పిడితో దాని మీద నాలుగు చోట్ల కొట్టి చూస్తున్నాడు. కింద సిమెంటు పట్టిన చోట చప్పుడు పొట్టిగా, గట్టిగా వస్తుంది. పట్టని చోట ఖాళీ కుండను తట్టినట్టు మోగుతుంది. అప్పుడతను ఆ పలకను పెకలించి పక్కన పెడుతున్నాడు. గోడకు ఇవతల రాసుకుంటున్న నేను, ఆ రెండో చప్పుడు విన్న ప్రతిసారీ కలం ఆపుతున్నాను. పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం కొమురయ్య కాక తన చేతికర్ర కొసను నా దరఖాస్తు కాగితం మీద ఆనించి, రెండుసార్లు కొట్టి, "ఇది డొల్ల, బిడ్డా. తీసెయ్," అన్నాడు. ఆయన తీసెయ్యమన్నది నేను అన్నిటికంటే ఇష్టపడి రాసుకున్న మొదటి వాక్యం.

ఆ కాగితం సంగతి ముందు చెప్పాలి. అప్పటికి గోదావరిఖనిలో పన్నెండేళ్లుగా ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను. పత్రిక జిల్లా పేజీలు తగ్గిస్తోందని, మాలో సగం మందిని పంపించేస్తారని కబురు వచ్చింది. ముప్పై ఆరేళ్ల వయసులో నేను ప్రజారోగ్యంలో పీజీ చెయ్యాలని నిశ్చయించుకున్నాను. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ మార్కులు చూపించుకునేవి కావు. ఆ విశ్వవిద్యాలయం మాత్రం మార్కులతో పాటు రెండు పేజీల స్వీయ ప్రకటన అడిగింది: నువ్వెవరు, ఈ చదువు నీకెందుకు. ఆ రెండు పేజీలు నిలబడితేనే నాకు సీటు. గడువు పది రోజులు. ఇంగ్లీషులో పంపాల్సిందే గాని, ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకుందామనుకున్నాను. తెలుగులో రాశాను గనుకే కాకకు చదివి వినిపించగలిగాను.

కాక మాకు రక్తసంబంధి కాదు. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ పక్క క్వార్టర్ వాళ్లది. బొగ్గుగనిలో ఆయన మైనింగ్ సర్దార్. షిఫ్టులో మనుషులు పనిచోటికి పోకముందే సర్దార్ ఒక్కడూ ముందు వెళ్లి, కర్రతో పైకప్పును కొట్టుకుంటూ, రెండో అరచేతిని కప్పుకు ఆనించి, చప్పుడు వింటాడు. గట్టిగా ఉంటేనే మనుషుల్ని రానిస్తాడు. పైకి వచ్చాక ఏ జాగాలో ఏం చూశాడో పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. రిటైరయ్యాక కూడా కాక ఎవరింట్లోకి అడుగుపెట్టినా కుర్చీలో కూర్చునే ముందు తల ఎత్తి స్లాబు చూసేవాడు. "బువ్వ పెడితే గిన్నెను గూడ కొట్టి చూస్తడు మీ కాక," అని లచ్చవ్వ చిన్నమ్మ నవ్వేది. నేను విలేకరినైన కొత్తలో, నా వార్త చదివి ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: "ఏడ నిలబడి చూసినవ్?" బస్టాండు గొడవ గురించి రాస్తే, దుకాణం లోపలినుంచి చూశానా, రోడ్డు మీదనుంచి చూశానా అని. ఎవరో ఫోన్లో చెప్తే రాశానంటే పేపరు మడిచి పక్కన పెట్టేవాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని నేను చదివిన మొదటి వాక్యం ఇది: "ముప్పై ఏళ్లు భూగర్భపు చీకట్లో ప్రాణాలకు తెగించి నల్లబంగారం తవ్విన కార్మికుడి బిడ్డను నేను." కర్ర పడింది అక్కడే. మా నాన్న గనిలోకి దిగింది నాలుగేళ్లే. మోకాలు దెబ్బతిన్నాక మిగతా సర్వీసంతా పైనే, లాంప్ రూములో. దిగేవాళ్లకు నెత్తిన పెట్టుకునే దీపాలు ఇవ్వడం, వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం ఆయన పని. ఆ సంగతి నాకు తెలియక కాదు. గని కార్మికుల గురించి పన్నెండేళ్లలో అలాంటి వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. చేతికి అలవాటై, నాన్న గురించి రాసేటప్పుడు కూడా అదే వచ్చింది.

నాకు కోపం వచ్చింది. చదివేవాళ్లు గని మొహం చూసినవాళ్లు కారని, అందరూ ఇలాగే రాస్తారని, నాలుగేళ్లో ముప్పై ఏళ్లో వాళ్లకెలా తెలుస్తుందని వాదించాను. కాక తొందరపడలేదు. చిన్నమ్మ ఇచ్చిన చాయ్ సగం తాగి అన్నాడు.

"నేను పుస్తకంల ఏం రాసిన్నో కప్పుకు తెల్వది, బిడ్డా. అది పడేదుంటే పడ్తది."

"గిది కాగితం, కాకా. గని కాదు."

"మరి నాకెందుకు సదివి వినిపిస్తున్నవ్? సక్కగున్నదని అనిపిచ్చుకోనీకా? గట్లయితే మీ చిన్నమ్మకు సదువు, మంచిగంటది."

చిన్నమ్మ లోపలినుంచే, తనకు నిద్రొస్తుందని చెప్పింది. నేను కాగితం మడుచుకుని వచ్చేశాను.

మూడు రోజులు అటు పోలేదు. రాసింది కొట్టేస్తూ, మళ్లీ అదే రాస్తూ కూర్చున్నాను. నల్లబంగారం తీసేస్తే చెమటచుక్కలు వచ్చేవి. అవి తీసేస్తే త్యాగం వచ్చేది. నాలుగో రోజు పొద్దున, పట్టుదలకో విసుగుకో, కాగితం పైన కాక ప్రశ్ననే రాసి కింద జవాబు రాయడం మొదలుపెట్టాను. నేను ఏడ నిలబడి చూశాను? లాంప్ రూము కిటికీ దగ్గర. ఒంటిపూట బడులప్పుడు, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు నాన్నకు అన్నం గిన్నె తీసుకెళ్లేదాన్ని. ఒక్కో దీపానికి ఒక్కో నంబరు, ఒక్కో గూడు. పొద్దుటి షిఫ్టులో దిగినవాళ్ల దీపాలన్నీ గూళ్లకు చేరేదాకా నాన్న గిన్నె మూత తీసేవాడు కాదు. గూడు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

అది రాస్తుంటే ఇంకొకటి వచ్చింది. నాన్న తల ఎత్తకుండానే, వరుసలో వినబడే దగ్గును బట్టి మనిషిని గుర్తుపట్టి దీపం తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆ మనిషి కిటికీ దగ్గరికి వచ్చేసరికి దీపం సిద్ధంగా ఉండేది. ఒకరోజు సాంబయ్య అనే ఆయనతో నాన్న నెమ్మదిగా, "సాంబన్నా, నీ దగ్గు మారింది. దవాఖానకు పో," అన్నాడు. సాంబయ్య నవ్వి, "లాంపులిచ్చుడు బందువెట్టి డాక్టరువైనవా ఏంది?" అన్నాడు. వానలు మొదలయ్యాక, బడి లేని ఒక రోజు నేను వెళ్లినప్పుడు, ఆ షిఫ్టువాళ్లంతా దిగాక కూడా సాంబయ్య దీపం తీసుకునే మనిషి రాక గూట్లోనే ఉంది. మళ్లీ వెళ్లినప్పుడూ అక్కడే ఉంది. ఎవరి దీపం తిరిగి రాలేదో చెప్పడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరి దగ్గు మారిందో రాసుకోవడానికి ఏ పుస్తకంలోనూ చోటు లేదు. ఈ చదువు నాకెందుకో అప్పుడు నాకే తెలిసింది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా రెండు పేజీలూ రాశాను.

మళ్లీ కాక అరుగు మీద కూర్చున్నాను. చదువుతున్నంతసేపూ ఆయన కర్ర రెండు మోకాళ్ల మధ్య కదలకుండా ఉంది. చివరి వాక్యం దగ్గర లేచింది. చదువు పూర్తిచేసి ఇక్కడికే తిరిగివచ్చి కార్మికుల ఆరోగ్యానికి జీవితం అంకితం చేస్తానని రాశాను.

"వస్తవా?" అన్నాడు.

"తెల్వది, కాకా."

"తెల్వకుంటే తెల్వదనే రాయి."

దాన్ని కొట్టేసి, ఎక్కడ పనిచేస్తానో తెలియదని, ఏం తెలుసుకోవాలో మాత్రం తెలుసని రాశాను. ఆ వాక్యం మీద కర్ర పడలేదు. మిగిలిన మూడు రోజుల్లో దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాను. ఇంటర్వ్యూలో నా మార్కుల గురించి ఎవరూ అడగలేదు. మా నాన్న ఎంతమంది దగ్గులు గుర్తుపట్టేవాడని అడిగారు. లెక్కపెట్టలేదని చెప్పాను. సీటు వచ్చింది.

కాని రెండోసారి చదివి వినిపించిన ఆ సాయంత్రం అక్కడితో అయిపోలేదు. చిన్నమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాక, కాక తనంతట తానే ఒక సంగతి చెప్పాడు. ఆయన సర్వీసు మధ్యలో, ఒక షిఫ్టులో చూడాల్సిన జాగాలు నాలుగు. మూడే చూశాడు. నాలుగోది నిన్న గట్టిగానే ఉంది కదా అనుకుని, కొట్టకుండానే మనుషుల్ని పంపాడు. అక్కడ కప్పుకు ఆసరాగా దిమ్మె నిలబెడుతున్న రాజమల్లు అనే కార్మికుడి మీద కప్పు పెళ్ల విరిగి పడింది. విచారణ జరిగేనాటికి పుస్తకంలో నాలుగు జాగాలూ చూసినట్టు కాక సంతకం ఉంది.

"పుస్తకం నన్ను కాపాడింది. వానికి కాలు పోయింది," అన్నాడు.

రాజమల్లుకు తెలుసా అని అడిగాను. తనే చెప్తానన్నాడు. నేను చదువులో ఉండగా కాక పోయాడు. పోకముందు ఒకసారి రైలెక్కి బెల్లంపల్లి వెళ్లి పొద్దుగూకకముందే తిరిగొచ్చాడని చిన్నమ్మ చెప్పింది. ఎందుకు వెళ్లాడో ఆమెకు తెలియదు.

చదువయ్యాక నేను ఇక్కడికే వచ్చాను. ఊపిరితిత్తుల జబ్బుల మీద పనిచేసే చిన్న సంస్థలో ఉన్నాను. కాలనీల నుంచి పిల్లలు తమ దరఖాస్తు కాగితాలు పట్టుకొస్తుంటారు. అందరి మొదటి వాక్యంలోనూ చీకటో త్యాగమో ఉంటుంది. వేలి కణుపుతో బల్ల మీద కొట్టి, ఏడ నిలబడి చూసినవ్ అని అడుగుతాను. కొందరు కోపంతో వెళ్లిపోయి నాలుగో రోజు వస్తారు. కొందరు రారు.

బెల్లంపల్లిలో రాజమల్లుకు చిన్న కిరాణా కొట్టు ఉంది. రెండుసార్లు వెళ్లాను. కొమురయ్య కాక తరఫు మనిషినని చెప్తే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. కాక ఒకసారి వచ్చాడని, గంటసేపు కూర్చుని చాయ్ తాగి, కొట్టు కప్పు వంక చూసి, రేకులు మార్పించుకోమని చెప్పి పోయాడని అన్నాడు. దెబ్బ ఎలా తగిలిందని అడిగాను. "సర్దార్ కొట్టి చూసిన జాగనే, అక్కా. దిమ్మె బిగిచ్చే చీల నేనే మోటుగ కొట్టిన. తప్పు నాదే," అన్నాడు.

రెండోసారి, ఆ జాగా కాక కొట్టి చూడలేదని చెప్పాలనే వెళ్లాను. సబ్బులు కొనుక్కుని వచ్చేశాను. రాజమల్లు ఇప్పటికీ ఎవరడిగినా అదే చెబుతున్నాడు.