మచ్చ కనిపించే ఫోన్

మా అన్నయ్య పరదేశి సంచిలో మచ్చ మామిడికాయలు వేసుకుని నూజివీడు ఫోన్ల షోరూముకి వెళ్ళిన సంగతి రెడ్డిగూడెంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ నవ్వే మొహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు పక్కన ఉన్నది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. నా పేరు గ్లోరీ. జి. కొండూరులో టీచర్ని. నాకు నోరెక్కువని మా స్కూల్లో అంటారు. ఎక్కువే.

అన్నయ్య మీసాలు రాకముందే కాయలు కోసే కూలీగా తోటల్లోకి వెళ్ళాడు. చెట్టు చివరి కొమ్మ దాకా పాకి, కాయ నేల తగలకుండా, తొక్క మీద సొన పడకుండా కోసేవాడు. తర్వాత కాయలు ఏరడం, ట్రేలు నింపడం, లారీ ఎక్కించడం నేర్చుకున్నాడు. నడివయసు వచ్చేసరికి రైతుల కాయల్ని పై ఊళ్ళ వ్యాపారులకు అమ్మిపెట్టే మనిషయ్యాడు. సొంతానికి ఒక్క చెట్టు కూడా లేదు. ఉన్నదల్లా మాట. ఆ మాటకొక పద్ధతి ఉంది. లోకంలో ఎవరైనా మంచి కాయ పైన పేర్చి మచ్చ కాయ అడుగున దాస్తారు. మా అన్నయ్య మచ్చ కాయల్ని ఏరి మరీ పై వరసలో పెడతాడు. "కొన్నోడు అడుక్కెళ్ళేకొద్దీ సంతోషపడాలి గానీ ఏడవకూడదమ్మాయ్" అంటాడు.

ఆ పద్ధతి నచ్చే నాగపూర్ సేఠు ఒకాయన ఏళ్ళుగా పై వరస ఫొటో ఒక్కటి చూసి లారీ పంపేవాడు. ఆ సేఠు ఉన్నాడనే సీతారావమ్మగారు తన తోట అమ్మకమంతా అన్నయ్య చేతిలో పెట్టారు. రెడ్డిగూడెం వైపు ఆవిడది పేరున్న తోట. అది చేతిలో ఉంటే మిగతా రైతులూ పిలిచి కాయలిస్తారు. అది పోయిందంటే అందరూ పోయినట్టే. అన్నయ్య మళ్ళీ కూలికి వెళ్ళాల్సిందే.

ఇంత బతుకూ చివరికి ఒక ఫోన్ మీదకి వచ్చింది చూడండి, ఛీ.

అన్నయ్య పాత ఫోన్ చెట్టు మీంచి పడి బతికింది, నీళ్ళ తొట్లో పడి బతికింది. వయసు మీద పడితే మాత్రం బతకలేదు. ఆ కంపెనీ పేరు నేను చెప్పను, చెప్పి ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు. అన్నయ్య వెళ్ళి అదే కంపెనీ కొత్త ఫోన్, చిన్న రకం, ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, "అడిగేదేముంది? తల్లిచెట్టు మంచిదైతే దాన్నుంచి కట్టిన అంట్లన్నీ అవే కాయలు కాస్తాయి. కంపెనీ ఒకటేగా" అన్నాడు. మామిడితోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయని పొరపాటు అది.

ఆ ఏడు తామర పురుగు బంగినపల్లి పిందెల్ని గీరి పెట్టింది. కాయ ఊరేకొద్దీ తొక్క మీద బూడిదరంగు గరుకు మచ్చలూ సాగాయి. లోపల కండకి ఏ లోటూ లేదు. అన్నయ్య ఎప్పటిలాగే మచ్చ కాయలు పైన పేర్చి, కొత్త ఫోన్‌తో ఫొటో తీసి పంపాడు. సేఠు ఒక్క మాట బేరమాడకుండా సరే అన్నాడు. మంచి మనిషి, మన కష్టం అర్థం చేసుకున్నాడు అని అన్నయ్య పొంగిపోయాడు. లోడు నాగపూర్‌లో దిగగానే ఫోన్ వచ్చింది. వచ్చీరాని తెలుగులో సేఠు అన్నది ఒకటే మాట. "నువ్వు కూడానా, పరదేశీ?"

అన్నయ్య రెండు పూటలు అన్నం తినలేదు. మా వదిన అమృతమ్మ కబురు చేస్తే నేను వెళ్ళి ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. ఒక్క మచ్చ ఉంటే ఒట్టు! కాయలన్నీ పౌడరేసుకుని పెళ్ళికి బయల్దేరినట్టున్నాయి. ఏఐ కెమెరా అట. మనం అడక్కపోయినా అదే నునుపు చేసి రంగు పూసి పెడుతుందట. ఎవరడిగారే నిన్ను?

సేఠు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈసారి లోడు ఫొటో ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నాడు. ఇటు సీతారావమ్మగారు కూడా ఊరుకోలేదు. "ఇది కూడా పేచీ అయితే నా దారి నేను చూసుకోవాలి పరదేశీ. ఏవనుకోవద్దు" అన్నారు. "మచ్చ కనిపించే ఫోన్ కొనుక్కొస్తానండీ అమ్మగారూ" అన్నాడు అన్నయ్య. కంపెనీ మారుద్దామంటే వినడు. "అంటు తేడా చేస్తే తల్లిచెట్టుని నరుకుతామా?" అని నాకే ఎదురు ప్రశ్న.

అలా వెళ్ళాం నూజివీడు. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ. ఆ కంపెనీదే షోరూము. గోడ పొడుగునా ఒకే మొహంతో ఫోన్లు. లైట్, ప్లస్, ప్రో, ప్రో ప్లస్, మ్యాక్స్, అల్ట్రా. ఒక పిండితో వేసిన అట్లకి ఇన్ని పేర్లా? ఒకదానికి బ్యాటరీ బావుంటే తెర చిన్నది, తెర పెద్దదైతే వేడెక్కుతుంది, వేడెక్కనిదేమో మన చేతికి అందేది కాదు. అన్నీ ఒక్కదాంట్లో పెట్టి చస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? పోతుంది. రేపు ఇంకోటి కొనాలిగా మనం.

కీర్తిప్రియ అని పేరు బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "ఎలాంటిది చూపించమంటారు సార్?"

"మచ్చ కనిపించేది కావాలమ్మా" అన్నాడు అన్నయ్య.

"మచ్చ పోయేదా సార్?"

"పోయేది కాదు. కనిపించేది."

ఆ పిల్ల నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అన్నయ్య సంచిలోంచి కాయలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు, గాజు మీద చారిక పడింది. కీర్తిప్రియ టిష్యూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, కుక్కపిల్ల పాడు చేసిన చోటు తుడిచినట్టు తుడిచింది. మా అన్నయ్య ఒళ్ళంతా ఆ సొన మచ్చలే.

ఒక్కొక్క ఫోన్ తీసి అదే కాయకి ఫొటో కొట్టడం మొదలుపెట్టాడు. లైట్‌లో మచ్చ అలికేసినట్టయింది. ప్లస్‌లో సగం పోయింది. ప్రో ప్లస్‌లో కాయ పసుపు రాసుకుంది. ఇక అల్ట్రా! అందులో ఆ కాయని చూస్తే దండేసి పూజ చేయాలనిపిస్తుంది. ధర పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతోంది. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ అనేది. ఈ కంపెనీవాళ్ళు దాన్నే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు.

"చూశారా సార్, ఎంత క్లీన్‌గా వచ్చిందో! మా రేంజ్ మొత్తంలో బెస్ట్ ఇదే సార్. మీ ముఖం మీద మచ్చలు కూడా ఉండవు" అంది ఆ అమ్మాయి.

"నా మొహం సంగతి దేవుడికి తెలుసులేమ్మా. కాయ సంగతి సేఠుకి తెలియాలి" అన్నాడు అన్నయ్య. చివరికి కింద అరలోంచి చవకది ఒకటి తీయించాడు. అందులో మచ్చ పడింది. మచ్చలేని కాయ కూడా కుళ్ళినట్టే పడింది. "ఇదీ అబద్ధమే" అని పక్కన పెట్టేశాడు.

ఆ అమ్మాయి విసుగు దాచుకోలేదు. "ఎవరైనా బాగా కనిపించాలని కొంటారు సార్. బాగోకుండా కనిపించాలని అడిగింది మీరొక్కరే" అంది. అటుపక్క ఇయర్‌ఫోన్లు చూస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు పళ్ళికిలించారు. నేను ఆగలేదు. "ఉన్నది ఉన్నట్టు చూపించే ఫోన్ ఒక్కటి చేయడం చేతకాలేదా మీ కంపెనీకి? ఇన్ని పేర్లు పెట్టడం మాత్రం వచ్చా?" అని అరిచాను. "ఊరుకోమ్మా, ఆ పిల్లేం చేస్తుంది" అని అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

చివరికి మధ్యరకం ప్రో దగ్గర ఆగాం. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏఐ అని రాసి ఉన్నదల్లా ఆపేస్తే మచ్చ కాస్త మిగిలింది. పూర్తిగా కాదు, కాస్త. ఇంతకంటే నిజం ఆ కంపెనీ దగ్గర లేదు. అదే కొన్నాం.

మర్నాడు సీతారావమ్మగారి షెడ్డులో కాయలు రాశి పోశారు. ఆ మిగిలిన కాస్త మచ్చ కూడా సేఠు కంటికి ఆనదేమోనని అన్నయ్యకి భయం. నా బ్యాగులో పేపర్లు దిద్దే ఎర్ర స్కెచ్ పెన్ను ఉంటే అడిగి తీసుకున్నాడు. పై వరసలో మచ్చ ఉన్న ప్రతి కాయ మీద మచ్చ చుట్టూ గుండ్రంగా గీశాడు. ఒక్కొక్కటీ గీస్తూ, "ఇప్పుడు చూద్దాం, ఎలా మాయం చేస్తావో" అని ఫోన్‌తో మాట్లాడాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు చూశాను. ఫొటో పంపాడు.

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మధ్యాహ్నానికి వచ్చింది. "ఈసారి వద్దు పరదేశీ. సరుకు మరీ గలీజుగా ఉంది." గలీజు! ఉన్నది ఉన్నట్టు చూపించమన్న నోటితోనే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు.

కాయలు షెడ్డులో పండుబారుతున్నాయి. ఇంకో రోజు ఆగితే లారీ ఎక్కించడానికి పనికిరావు. సీతారావమ్మగారు ప్రేమ్‌చంద్‌కి కబురు పెట్టారు. ప్రేమ్‌చంద్ ఆవిడ బంధువే, మైలవరంలో కమిషన్ వ్యాపారం. ఇస్త్రీ చొక్కా, చేతిలో అల్ట్రా. "మీరేం దిగులు పడకండి బాబాయ్, నేను చూసుకుంటాగా" అని మా అన్నయ్య భుజం తట్టి, రాశి చుట్టూ తిరిగి నాలుగు ఫొటోలు కొట్టుకుని వెళ్ళాడు. చీకటి పడకముందే లారీ వచ్చింది.

మరునాడు పొద్దున నేను అన్నయ్య వాళ్ళింట్లో కాఫీ తాగుతుంటే సేఠు దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. కింద, "చూసి నేర్చుకో. సరుకంటే ఇలా ఉండాలి" అని మెసేజీ. బంగారు ముద్దల్లాంటి కాయలు. అన్నయ్య చాలాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చాడు. "మూలనున్న కాయ చూడు" అన్నాడు. పెద్దది చేసి చూశాను. కాయ మీద నా స్కెచ్ పెన్ను గీసిన ఎర్ర గుండ్రం ఉంది. గుండ్రంలో మచ్చ లేదు.

నేనే సేఠుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. "సేఠ్‌జీ, అవి నేను ఫొటో పంపిన కాయలేనండీ. అదే రాశి" అన్నాడు అన్నయ్య.

"తెలుసు పరదేశీ" అన్నాడు సేఠు, తాపీగా. "నేను కూడా ఆ ఫొటోనే దుకాణాలవాళ్ళకి పంపాలి కదా. నీ ఫొటో పంపితే ఎవడు కొంటాడు?"

"మరి మొదటి లోడప్పుడు నన్ను అంత మాటెందుకన్నారండీ?"

"అందరినీ అనాలని ఉంటుంది. అంటే పడేవాడివి నువ్వొక్కడివే."

థూ! నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సేఠు సగంలోనే ఫోన్ పెట్టేశాడు. లోడు దిగాక ప్రేమ్‌చంద్‌ని కూడా ఏదో సణిగాడట. "ఫొటో అన్నాక ఆ మాత్రం మేకప్ ఉండదా సేఠ్‌జీ" అని వీడు నవ్వాడట. దొందూ దొందే. రెండో లారీ కూడా వచ్చేసింది.

కాయలు అయిపోయాక సీతారావమ్మగారు కబురు పెడితే వెళ్ళాం. నన్ను రావద్దన్నా వెళ్ళాను. ఆవిడ అన్నయ్యకి మజ్జిగ ఇప్పించి, "వచ్చే ఏటినించి తోట ప్రేమ్‌చంద్ చూసుకుంటాడు పరదేశీ" అన్నారు.

"కాయలు అవేనండీ అమ్మగారూ" అన్నాడు అన్నయ్య.

"అవేలేవయ్యా. నా తోట కాయలు నాకు తెలియవా? నువ్వు మచ్చ చూపించావు, అమ్మలేకపోయావు. అతను చూపించలేదు, అమ్మాడు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?" అన్నారావిడ. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు మంచివాడివి. నేనెప్పుడూ కాదనను. కోత మాత్రం నువ్వే చూసుకో. నీ అంత జాగ్రత్తగా కాయకి దెబ్బ తగలనీయకుండా ఎవరు కోస్తారు? ప్రేమ్‌చంద్‌తో చెబుతాను, కూలి ఇస్తాడు."

నేను నోరు తెరవబోయాను. అన్నయ్య నా కంటే ముందే, "అలాగేనండీ" అన్నాడు.

దారిపొడుగునా అరిచాను. సేఠుని, ప్రేమ్‌చంద్‌ని, ఆ మజ్జిగ పోసిన చేతిని, ఆ కంపెనీ గోడనిండా వేలాడే ఫోన్లని, అన్నిటినీ తిట్టాను. తల ఊపి వచ్చినందుకు అన్నయ్యనీ తిట్టాను. "ఎవరి మీదా నీకు అసహ్యం వెయ్యదా? మనిషివేనా నువ్వు?" అని నడిరోడ్డు మీద నిలబెట్టి అడిగాను.

అన్నయ్య మెల్లిగా అన్నాడు. "గ్లోరీ, మీ స్కూల్ టీచరెవరో మోకాళ్ళ నొప్పులకి ఏదో నూనె రాస్తుందన్నావు కదా. అది నాకూ ఒక సీసా తెచ్చిపెట్టమ్మా. చెట్లెక్కాలి."