ఊరు చెప్పిన ముద్ర

1951 మార్చిలో నన్ను మందమర్రి దగ్గర ఒక బొగ్గుగని కాలనీ పోస్టాఫీసుకు సబ్‌పోస్టుమాస్టరుగా వేశారు. పేరుకు మాస్టరునే గాని, స్టాంపులమ్మేదీ, చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేదీ, ముద్ర కొట్టేదీ నేనే. ముద్రలో ఆఫీసు పేరు, తేదీ చదవడానికి వీలుగా పడాలని శిక్షణలో మరీ మరీ చెప్పారు. ఆ పనిలో నాకు కాస్త పొగరుండేది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాక అది ఇంకా పెరిగింది.

ఆ ఎండాకాలం రాజవ్వ వచ్చింది. పదమూడేళ్లుంటాయేమో. చొప్పదండి వైపు పల్లె. వెట్టికి రానన్నందుకు తండ్రిని దొర మనుషులు కొట్టి చంపుతుంటే ఈ పిల్ల చూసింది. చూసినదాన్ని బతకనివ్వరని తల్లి ఒంటరిగా పంపేసింది. నడిచీ, రైలెక్కీ ఇక్కడికి చేరితే ఓదెలు అనే గని కార్మికుడు ఇంట్లో పెట్టుకున్నాడు.

బతికే ఉన్నానని తల్లికి కార్డు రాయమంది.

"గీ ఊరి పేరు మాత్రం రాయకుండ్రి సారూ. మా ఊర్లె కార్డులన్ని ముందుగాల దొర చేతికే పోతయి" అంది.

నేను రాయలేదు. రాయకుండా ఉండి, అలవాటు కొద్దీ నిండుగా ముద్ర కొట్టి సంచిలో వేశాను.

పది రోజులకు ఇద్దరు మనుషులు కౌంటరు ముందు నిలబడ్డారు. చేతిలో ఆ కార్డే ఉంది. పిల్ల ఎక్కడుందని అడిగారు. రాయించినవారి వివరాలు బయటపెట్టడం నిబంధనలకు విరుద్ధమన్నాను. చెప్పాల్సింది నా ముద్ర అప్పటికే చెప్పేసింది. వాళ్లు మెట్లు దిగగానే తపాలా సంచులు కట్టే మా ప్యాకరును దొడ్డిదారిన ఓదెలు ఇంటికి పరుగెత్తించాను. వాళ్లు కాలనీలో వాకబు చేసుకుంటూ వచ్చేలోపు పిల్లను బెల్లంపల్లి పంపేశారు.

రెండు నెలలకు రాజవ్వ ఓదెలు భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది.

"మీరే చెప్పిన్రా సారూ?"

ముద్ర తీసి చూపించి, అందులో ఊరి పేరు ఉంటుందని చెప్పాను. చదువురాని ఆమెకు అది నల్లటి మచ్చ. చదువొచ్చిన నాకు తట్టకపోవడానికి ఏ సాకూ లేదు. తప్పు నాదేనన్నాను.

ఆమె ఇంకో కార్డు రాయమంది. మళ్లీ దొరే చదువుతాడు కదా అన్నాను.

"సదవనీ సారూ. నేను దొరకలేదన్న కోపం అవ్వ ముంగటనే ఎల్లగక్కుతడు. గప్పుడన్న అవ్వకు నేను బతికున్నట్టు ఎర్కైతది."

ఈసారి నా ముద్ర కొట్టలేదు. స్టేషనుకు పోయి, నేరుగా రైల్లో వేసే ఉత్తరాలకు కట్టాల్సిన ఆలస్య రుసుం స్టాంపు అంటించి, రైల్లోని తపాలా బోగీకి ఉండే ఉత్తరాల డబ్బాలో వేశాను. అది నిబంధనలు ఒప్పుకునేదే. రైల్లో కొట్టే ముద్రలో ఎక్కిన ఊరు ఉండదు, ఆ రైలుమార్గం సెక్షను నంబరే ఉంటుంది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా ఎక్కడైనా వేసి ఉండవచ్చు.

ఆ తర్వాత ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. తల్లికి తెలిసిందో లేదో నాకు తెలియదు. రిటైరయ్యేదాకా ముద్ర స్పష్టంగానే కొట్టాను. ఆ నియమం మంచిదే. పంపినవారి ఊరు లేని కార్డు ఎవరైనా చేతికిస్తే మాత్రం, ముద్ర ఎత్తే ముందు, ఎందుకు రాయలేదని అడగడం నేర్చుకున్నాను.