యాదమ్మ చిలకరించిన చుక్కలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే ముఖం మీదే నవ్వేసే రకాన్ని. నా ఉద్యోగం కూడా అలాంటిదే. తుక్కుగూడ దగ్గర, విమానాలకు భోజనాలు పంపే ఒక వంటశాలలో క్వాలిటీ చూసేదాన్ని. థర్మామీటర్ చెప్పాలి, లేదా ల్యాబ్ చెప్పాలి. మనిషి నోటిమాట అక్కడ చెల్లదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

మా దగ్గర వడలు, పూరీలు వేయించే ఆమె పేరు యాదమ్మ. మంఖాల్ నుంచి వచ్చేది. నూనె కాగిందో లేదో చూడటానికి వేళ్లు తడిపి రెండు చుక్కలు చిలకరించేది. చుయ్యిమంటే కాగినట్టు. థర్మామీటర్ ఉండగా ఇదేం పాడలవాటని నేను రోజూ కోప్పడేదాన్ని.

"నీ మిషన్ నీకు చెప్తది మేడం, నూనె నాకు చెప్తది" అని నవ్వేది. ఆ నవ్వు చూశాక నా కోపం నిలిచేది కాదు.

ఫ్రయ్యర్ అడుగున నూనె వంపే నల్లా కొన్నాళ్లుగా కారుతోంది. మేనేజర్ ప్రభాకర్‌కి నేనూ చెప్పాను, యాదమ్మా చెప్పింది. ఆర్డర్లు తగ్గాక చూద్దామని టేపు చుట్టించి ఊరుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఆ నల్లా కాస్తా ఊడింది. కాగే నూనె మంట మీద పడి భగ్గుమంది. ప్రభాకర్ అక్కడే ఉన్నాడు. తలుపు వైపు పరుగెత్తుతూ, అడ్డంగా ఉన్న యాదమ్మను కుడిచేత్తో నెట్టేశాడు. ఆమె మంటలోకి పడింది. ఆమెను లాగబోయి నేను ఎడమచెయ్యి కాల్చుకున్నాను. నెట్టిన అతని చేతి మీదా నూనె చిందింది.

యాదమ్మ బతకలేదు.

విచారణకు వచ్చినవాళ్లతో ప్రభాకర్ ఏం చెప్పాడో తెలుసా? కాగే నూనెలో నీళ్లు పోసే అలవాటు ఆమెకు ఉందని, మంట అందుకే లేచిందని. చుక్కలు చిలకరించే సంగతి వంటశాలలో అందరికీ తెలుసు కాబట్టి అందరూ నమ్మారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందని కొట్టిపారేశారు. యాదమ్మ కూతురు స్వరూప అక్కడే గిన్నెలు కడిగేది. ఆమెనూ పనిలోంచి తీసేశారు. చంపింది చాలక చచ్చినదాని మీదే నింద వేశాడు.

మా ఇద్దరికీ శంషాబాద్‌లో ఒకే ఆసుపత్రి, ఒకే డాక్టరు. ఇద్దరికీ తొడ మీది చర్మం తీసి చేతికి వేశారు. గాయాల లోతు కూడా దాదాపు ఒకటేనని డాక్టరే అన్నాడు. తేడా అల్లా కట్టులోనే. నాకు జిడ్డు పూసిన జాలీగుడ్డ పరిచి, పైన దూది పెట్టి మామూలు కట్టు కట్టారు. ప్రభాకర్ ఖరీదైన పద్ధతి కావాలన్నాడు. గాయం మీద స్పాంజి, దాని మీద ప్లాస్టిక్ పొర, లోపలి చెమ్మను గొట్టంతో లాగే మెషిన్. కొత్త చర్మం కింద నీరు చేరకూడదు, అది కదలకూడదు. ఆ రెండింటికీ మెషిన్ మేలని డాక్టర్ వివరించాడు. నాకూ సబబుగానే తోచింది. అయినా వాడి చర్మం అతుక్కోకూడదని మనసారా కోరుకున్నాను. దాచడం దేనికి?

ఇద్దరి కట్లూ ఒకే ఉదయం విప్పారు. ముందు నాది. సిస్టర్ జ్యోతి సెలైన్‌తో తడిపి, అంచు నుంచి మెల్లగా గుడ్డ తీసింది. చర్మం లేత గులాబీ రంగులో చక్కగా అతుక్కుంది. తర్వాత పక్క మంచం మీద ప్రభాకర్‌ది. మెషిన్ ఆపి ప్లాస్టిక్ పొర లేపగానే చుయ్యిమంది.

అచ్చం యాదమ్మ నూనెలో చుక్క పడ్డట్టే. లోపలికి గాలి దూరిందిలే అంది సిస్టర్. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. కానీ ఆ చర్మం మీద కందిగింజంత చుక్కలు ఉన్నాయి. ఆ చుక్కల దగ్గర మాత్రమే నల్లబడి లేచిపోయింది. తడిచేయి విదిలిస్తే గోడ మీద పడే చుక్కల్లా, మణికట్టు నుంచి వేళ్ల వైపు చెదిరి ఉన్నాయి.

పరీక్షకు పంపితే ఏ క్రిమీ దొరకలేదు. అతనికి షుగర్ లేదు. సిగరెట్టూ తాగడు. చెడిన చోట మళ్లీ చర్మం వేశారు.

"మెషిన్ వద్దు. మేడంకు కట్టినట్టే నాక్కూడ కట్టుర్రి" అన్నాడు ప్రభాకర్.

అలాగే జాలీగుడ్డ, దూది, కట్టు. ఈసారి విప్పేటప్పుడు మెషిన్ లేదు, గొట్టం లేదు, గాలి దూరడానికి ప్లాస్టిక్ పొరా లేదు. సిస్టర్ గుడ్డ తడిపి అంచు లేపిందో లేదో, చుయ్యిమంది. పద్ధతి మారినా చుక్కలు మారలేదు. పైగా ఇంకొన్ని పెరిగాయి.

ఆ రోజు నన్ను చూడటానికి వచ్చిన స్వరూప గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను చూడగానే ప్రభాకర్ బావురుమన్నాడు.

"మీ అమ్మ నీళ్లు పోయలే బిడ్డా. నల్లా కారుతున్నదని నాకెరుకే. నేనే నూకిన."

స్వరూప కంట తడి పెట్టలేదు. "గదే మాట అందరి ముంగట చెప్పు" అంది.

చెప్పాడు. యాదమ్మ మీద నింద పోయింది. స్వరూపను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, ప్రభాకర్‌ను పంపించేశారు. ఇక అతని చెయ్యి మానుతుందని సిస్టర్ అంది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నాకు దిగులేసింది.

నా చివరి డ్రెస్సింగ్ నాడు అతనూ వచ్చాడు. అతని కట్టు విప్పారు. చుయ్యిమంది. మరో చుక్క. ప్రభాకర్ నాకు దండం పెట్టబోయాడు. కుడిచెయ్యి లేవలేదు.

"ఆమె మీ మాట వినేది మేడం. ఇగ చాలు, పొమ్మని చెప్పుర్రి."

వినేదా? చుక్కలు చిలకరించొద్దని రోజూ మొత్తుకున్నాను. ఒక్కనాడైనా విన్నదా? నేను చేతి మీదకు కొంగు లాక్కుని బయటికి వచ్చేశాను.

ఆ చప్పుడేమిటో డాక్టర్ చెప్పలేకపోయాడు. నేనూ ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. మానిన చేతికి కొబ్బరినూనె రాసుకుంటుంటే మావారు ఇప్పటికీ అడుగుతారు, ఇక చాలు పొమ్మని ఉత్తినే ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది అని. ఏమీ పోదు. నాకింకా అనాలనిపించలేదు.