పి.గన్నవరం వాళ్లు మమ్మల్ని పైకి పంపిన రోజు

కొత్తపేట వాలీబాల్ పోటీల్లో సెకండ్ డివిజన్ కప్పు మూడేళ్లుగా మాదే. ఏ డివిజన్‌లో పేరివ్వాలన్నది జట్టు ఇష్టం కాబట్టి హాయిగా అక్కడే ఉండిపోయాం. ఈ రోజు పొద్దున్న పేరివ్వడానికి వెళ్తే, మూడుసార్లూ ఫైనల్లో మా చేతిలో ఓడిన పి.గన్నవరం కెప్టెన్ వెంకన్నగారు పండిన అరటిగెలతో ఎదురొచ్చారు.

"ఈ ఏడు ఫస్ట్ డివిజన్‌కి వెళ్లిపోండి బాబూ. మీరుంటే మాకు కప్పు రాదండి."

"అక్కడ మొదటి మ్యాచే అమలాపురం కాలేజీ వాళ్లతోనండి. ఓడితే ఇవాళే మళ్లీ కిందకి పంపేస్తారు," అన్నాను.

"ఆయ్, మేం ఓడనిస్తామేంటండి," అన్నారాయన.

గెల తీసుకున్నాక కాదనలేం కదా. పైన పేరిచ్చాం. మొదటి సెట్టు పోయింది. అప్పుడు మొదలైంది కోర్టు పక్కనుంచి అరుపు. మా ఊరివాళ్లు పదిమంది కూడా లేరు; అరుస్తున్నదంతా పి.గన్నవరమే. మేం కిందకి రాకూడదని గొంతులు పోయేలా అరిచారు. ఆ ఊపులో మిగతా రెండు సెట్లూ కొట్టేశాం.

సాయంత్రం సెకండ్ డివిజన్ కప్పు వెంకన్నగారి జట్టే గెలిచింది. చెయ్యి కలిపి, "వచ్చే ఏడు మీరూ పైకి వచ్చేయండి," అన్నాను.

ఆయన కప్పు చంకలో సర్దుకుని, "మీరు మూడేళ్లు పట్టుకుపోయేరు కదండీ. మాకిది మొదటేడే," అన్నారు.

ఇది న్యాయమేనా, మీరే చెప్పండి. ఆయన్నే అడుగుదామంటే, నోట్లో ఆయనిచ్చిన అరటిపండే ఉంది.