సొరుగులో పెట్టిన ఉత్తరం

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో నేను కాకినాడ నుంచి డర్బన్ వెళ్ళాను. పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ని. ఊళ్ళోనే ఓవర్‌పోర్ట్ పేటలో అద్దె ఫ్లాటు. ఊరికి ఉత్తరాన, చెరకు తోటల నడుమ, ఒక చిన్న మార్చురీలో ఉద్యోగం. అప్పట్లో మార్చురీలు పోలీసుల కిందే ఉండేవి. శవాన్ని తెచ్చేదీ వాళ్ళే, నా రిపోర్టు పట్టుకెళ్ళేదీ వాళ్ళే.

ఆ చలికాలం, నరికే ముందు ఆకు కాల్చడానికి తోటకి నిప్పు పెట్టబోతూ చుట్టూ గట్టు శుభ్రం చేస్తున్న కూలీలకి ఒకామె శవం కనిపించింది. జులూ స్త్రీ, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పేరు తెలియదు. మెడకి ఎరువుల బస్తాలు కట్టే నీలం నైలాను తాడు ఉంది. చంపినవాడు ముడి మెడ వెనక వేశాడు. రెండు చుట్లు తిప్పి, కొసని మళ్ళీ ముడిలోకే దోపాడు. ఐదు వారాల తర్వాత ఇంకొకామె శవం వచ్చింది. అదే తాడు, అదే ముడి.

రెండు ముడుల ఫొటోలూ జతచేసి ఒక పేజీ ఉత్తరం రాశాను. ఇద్దరినీ చంపింది ఒకే మనిషి, మళ్ళీ చంపుతాడు అని అందులో స్పష్టంగా ఉంది. స్టేషన్లో దర్యాప్తులు చూసే అధికారి పాత ప్రభుత్వం నాటి మనిషి. నా ఎదుటే చదివి, సొరుగు లాగి అందులో పెట్టి, మూశాడు.

"డాక్టర్, మీరు కొత్త. పార్టీల గొడవల్లో ఇక్కడ చెరకులో శవాలు పడుతూనే ఉంటాయి. ప్రతి తాడుకీ ఒక కథ అల్లుతూ కూర్చోలేం."

నేను తలూపి వచ్చేశాను.

ఆ వారమే ఓవర్‌పోర్ట్ లైబ్రరీలో ఒక లావుపాటి నవల దొరికింది. ఎక్కడో ఉత్తరాన మంచుదేశంలో జరిగే వరస హత్యల కథ. అందులో డిటెక్టివు చనిపోయిన ఆడవాళ్ళ ఫొటోలు గోడకి తగిలించుకుని తిండి మానేస్తాడు. దేశం దేశమంతా వాళ్ళ గురించే మాట్లాడుకుంటుంది. సగం చదివి తిరిగి ఇచ్చేశాను. కాగితం మీది ఆ ఆడవాళ్ళని చూస్తే, నా బల్ల మీదికొచ్చిన వాళ్ళ తరఫున నాకు ఈర్ష్య పుట్టింది.

మూడో ఆమె ఒట్టావా పిల్ల. కెనడాది కాదు, డర్బన్ పక్కనే, చెరకు తోటల పనికి వచ్చిన మనవాళ్ళు స్థిరపడిన ఊరు. ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం ఇంటర్వ్యూ అని చెప్పి ఇంట్లోంచి బయల్దేరింది. గుర్తుపట్టడానికి తల్లి వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే మనిషి, భర్త లేడు. నేను దుప్పటి తీస్తూ "అయ్యో తల్లీ" అని గొణుక్కున్నాను. ఆమె కూతురి మొహం చూసింది, ఆ తర్వాత నా మొహం చూసింది.

"తెలుగోళ్ళా నువ్వు? మా మామ్మ మాటాడేది. నాకు కొంచెం వస్తాది."

కూతురి జుట్టు సర్ది, దుప్పటి భుజాల దాకా కప్పింది. తర్వాత అడిగింది.

"మా పిల్ల ఒక్కతేనా?"

చెప్పకూడదు, అది రూలు. చెప్పాను. ముందు ఇద్దరి గురించి, తాడు గురించి, సొరుగు గురించి, అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు. ఆ మొదటామె బట్టలు చూపించమంది. అరలో కాగితం సంచిలో ఉన్నాయి. చర్చి ఆడవాళ్ళ సంఘం వాళ్ళు వేసుకునే ఎర్ర జాకెట్టు. కాలరు తిరగేసి వేలితో తడిమింది.

"ఇది ఫ్యాక్టరీ పని కాదు. చేత్తో కుట్టింది. ఈ కుట్టు ఎవరిదో నాకు తెలుస్తాది."

కూతురి కర్మకాండలు అయిన మర్నాడే, పక్క ఊరు వెరులంలో మార్కెట్ వరండాలో బట్టలు కుట్టే ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలావిడ, నేను తీసిచ్చిన జాకెట్టు ఫొటో చూసి ఇల్లు చెప్పింది. అలా, పోలీసులకి పేరు కూడా తెలియని మొదటామె తల్లిని ఈమె వెతికి పట్టుకుంది. లాండ్రీలో పని ఇప్పిస్తానని ఆ మొదటామెని ఒకడు తీసుకెళ్ళాడని, వాడు ఎరువుల గోదాములో పనిచేస్తాడని, ఆమె చెల్లెలు వాడిని చూసిందని అక్కడ తెలిసింది. ఒట్టావా పిల్లకి కూడా వాడు చెప్పింది లాండ్రీ పనే.

ఇద్దరు తల్లులూ ఫొటోలు ఒళ్ళో పెట్టుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చున్నారు. అధికారి రెండుసార్లు బయటికి పంపించాడు. రెండుసార్లూ మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నారు. సాయంత్రాలు ఒట్టావా తల్లి నాకు ఫోన్ చేసేది. ఒకరోజు అంది:

"చంపినోడిని పట్టుకోవాల. ఆ తర్వాత ఈ సొరుగోడిని."

నాలోనూ అదే కసి ఉంది. ఆ అధికారి మార్చురీ వరండాలో నడుస్తుంటే, నా బల్ల మీద అతన్ని పడుకోబెట్టి ఊహించుకునేదాన్ని. సిగ్గనిపించేది కాదు. ఉత్తరం నకలు నా దగ్గరుంది. మూడు ముడుల ఫొటోలూ, చెల్లెలు చెప్పిన వివరాలూ కలిపి, డర్బన్‌లో కొత్తగా పెట్టిన దర్యాప్తు బృందానికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. వారం తిరక్కుండా వాడు గోదాములో దొరికాడు. వాడి గదిలో నీలం తాడు చుట్ట ఉంది.

ఉరిశిక్ష అప్పటికే రద్దయింది. విచారణ మొదలయ్యేముందు ఆ సంగతి ఆమెకి ఎవరో చెప్పారు.

"ఉరి లేదంట, డాక్టరమ్మా. లోపల కూకుని తింటాడంట."

తర్వాత తనే అంది:

"పోనీ. రెండోవోడు ఉన్నాడు కదా."

ముడుల గురించి మాత్రమే చెప్పమని ప్రాసిక్యూటరు నన్ను ముందే హెచ్చరించాడు. బోనులో నిలబడ్డాను. ఈ మూడూ ఒకరి పనేనని మీకు ఎప్పుడు తోచిందని ఆయన అడిగాడు. ఆయన అడగాలని నేను మనసులో మొక్కుకున్న ప్రశ్న అదే. నా దగ్గరున్న ఇంకో నకలు తీసి, పైన వేసిన తారీఖుతో సహా చదివాను. ఆ అధికారి రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. త్వరలో రిటైరు కాబోతున్నాడు, వీడ్కోలు సభకి హాలు కూడా మాట్లాడుకున్నారు. అతని వైపే చూస్తూ, ఆ రోజు అతనన్న మాటల్ని పొల్లుపోకుండా చెప్పాను. జడ్జి అడ్డుకోలేదు. అంతా విని, అసలు ఉత్తరం ఎక్కడని అధికారిని అడిగాడు. అతను లేచి, గుర్తులేదన్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

మర్నాడు పేపర్లలో వచ్చింది. వీడ్కోలు సభ జరగలేదు. ఓవర్‌పోర్ట్ కొట్లో పేపరు కొని, టీ తాగుతూ రెండుసార్లు చదివాను. హాయిగా ఉండింది. ఇప్పుడు తలచుకున్నా హాయిగానే ఉంటుంది.

వాడికి యావజ్జీవం పడిన రోజు, కోర్టు వరండాలో ఆమె నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను.

"ఆడు నీ ఉత్తరం సొరుగులో పెట్టినాడు. తర్వాత నువ్వేం చేసినావు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. ఏమీ చెయ్యలేదన్నాను. డర్బన్ ఆఫీసు మార్చురీ నుంచి కారులో అరగంట దూరం. నకలు బ్యాగులోనే ఉంది. కానీ నా వర్క్ పర్మిట్ ఆ నెలలోనే పొడిగించాలి, కొత్తగా వచ్చి గొడవ పెట్టుకునే మనిషినని పేరొస్తుందని భయపడ్డాను. అలా పందొమ్మిది రోజులు గడిచాయి.

ఆమె అంతా విన్నది.

"ఆ పందొమ్మిది రోజులు మా పిల్ల బతికే ఉన్నాది."

అంతే అని, మొదటామె తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఇద్దరూ ఒకే టాక్సీ ఎక్కారు.

రెండుసార్లు ఒట్టావా వెళ్ళాను. మొదటిసారి ఎవరూ బయటికి రాలేదు. రెండోసారి ఆమె తడి చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. క్షమించు పిన్నీ అన్నాను.

"హైకోనా," అంది, అక్కడివాళ్ళు గట్టిగా కాదనేటప్పుడు అనే మాట. "నిన్ను ఏ కోర్టూ అడగదు. నాకాడ మాత్రం నీకు క్షమాపణ లేదు."

తలుపేసుకుంది. నేను కారెక్కి వచ్చేశాను. ఆ అధికారిని నేను ఈనాటికీ క్షమించలేదు. ఆమె నన్ను క్షమించాలని అడగడం కూడా ఆ రోజుతో మానేశాను.