కుర్చీ మీద టిష్యూ పాకెట్టు

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, చెబుతాను. టాంపినీస్‌లో బస్సుకి టైముందని, పక్కనున్న హాకర్ సెంటర్లో, అదే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాల్లో, కుర్చీ మీద టిష్యూ పాకెట్టు పెట్టి నేనూ కోడలూ టీ తెచ్చుకోడానికి వెళ్లాం. ఇక్కడ అలా పెడితే ఆ చోటు మనదే, చోప్ చేయడమంటారు. ఇంతలో ఓ తెల్లావిడ ఆ పాకెట్టు పట్టుకుని మా వెనకాలే పరిగెత్తుకొచ్చింది, మరిచిపోయామనుకుని! తిరిగి చూస్తే మా కుర్చీలో ఎవరో కూర్చుని నూడుల్స్ తింటున్నారు.

"అయ్యో ఆంటీ, అది మా సీటుకి గుర్తు" అంది కోడలు ఇంగ్లీషులో.

ఆవిడ చాలా నొచ్చుకుంది. మాటల్లో మాటగా చెప్పింది, వాళ్లది చిన్న దీవి దేశమట. బోలెడు దేశాలు కలిసి నడుపుకునే పార్లమెంటుకి అక్కడి జనం ఓట్లేసి పంపిన గుప్పెడు మందిలో ఈవిడొకరు. ఆ కాసిని సీట్లలోనూ ఒకటి తీసేయమని పెద్ద దేశాలు పట్టుబడుతున్నాయట.

"మా సీటుకి ఏ గుర్తూ లేదు. లేచి మాట్లాడితేనే మేమున్నట్టు" అంది. కోడలు నాకు తెలుగులో చెప్పింది.

"ఆ పాకెట్టు ఉంచుకోమనవే, అక్కడ పెట్టుకుంటుంది" అన్నాను.

ఆవిడ నవ్వి, సంచిలో వేసుకుని బస్సెక్కేసింది.

ఆ సీటు నిలిచిందో లేదో తెలీదు. నేను మాత్రం పాకెట్టు పెట్టడం మానేశాను. కోడల్ని టీకి పంపి, నేనే కూర్చుంటాను.

మీ ఇంట్లో అందరికీ కూర్చునే చోటూ, మాట్లాడే వంతూ ఉండాలి తల్లీ. చల్లగా ఉండండి.