జెరాయ్ కొండకు పిడికెడు అన్నం

పోయిన నెల మా మావయ్య పోయాడని బెడోంగ్ నుంచి కబురొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "పోయేముందు నా గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగాను. సిగ్గుచేటే, కానీ అడిగాను. ఏమీ అనలేదట.

ఆయన మా అమ్మకు తమ్ముడు, పెళ్లి చేసుకోని మనిషి. మలయాలోని కెడాలో, పాల కోసం ఎస్టేటు రబ్బరు చెట్లు గీసేవాడు. తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో నేను ఆ ఎస్టేటు గేటు దగ్గర కాపలావాణ్ణి. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి చేరుతుందని మెతుకు కూడా గేటు దాటనిచ్చేవాళ్ళం కాదు. ఎవరిని చూసినా అనుమానమే, మావయ్య మీద మరీను. ఏటా మహాలయ అమావాస్యకు పని మానేసి ఒక్కడే జెరాయ్ కొండెక్కేవాడు.

"పైన ఏటుంది మావా?" అంటే, "గాలుందిరా అల్లుడూ" అనేవాడు. గాలి కోసం ఎవడైనా అంత కొండెక్కుతాడా?

ఒక ఏడు ఆయన తలపాగా లావుగా కనిపించింది. నేను ముట్టుకోలేదు, సార్జంటు చెవిలో వేశానంతే. పాగాలో పిడికెడు అన్నం దొరికింది.

"మా అన్నకి లాహ్!" అన్నాడు మావయ్య, మలై మాటతీరులో. "జపానోళ్ళు సియాం రైలు పనికి అట్టుకెళ్ళిపోనారు, మరి రాలేదు. కొండ మీంచి సియాం కనిపిస్తాది. పిండం ఎడతాను. నువ్వైనా సెప్పరా అల్లుడూ!"

సియాంలో, అంటే థాయిలాండులో, రైలుదారి వేయడానికి పోయిన పెద్దమావయ్య తిరిగిరాలేదని నాకు తెలుసు. పిండం మాట మాత్రం సాకనుకున్నాను. నోరు విప్పలేదు. మావయ్య ఏడు నెలలు లోపలున్నాడు.

తిరిగొచ్చాక ఒక్క మాట అడగలేదు. ఎప్పటిలాగే మా ఇంటికి చేపల పులుసు పంపేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది నాది.

మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చి, మా వైపు తనిఖీలు ఎత్తేశాక, "రేపు నాతో కొండకి రా" అన్నాడు. అన్నం మూట నా చేతికిచ్చి ముందు నడవమన్నాడు. వెనక ఆయన, చేతిలో తుప్పలు కొట్టే కత్తి. నన్నెందుకు ముందు నడిపిస్తున్నాడు? ప్రతి మలుపులోనూ వెనక్కి చూశాను. మీరు నవ్వుకోవచ్చు, ఆ కొండమీద నాకు నవ్వు రాలేదు. నాచు పట్టిన వేళ్ళు, ముఖానికి తగిలే మబ్బు, అందని ఊపిరి. ఒకచోట కాలు జారితే చటుక్కున జబ్బ పట్టుకున్నాడు.

"ఊపిరి దాసుకో. మాటలు పైన."

పైన మబ్బు విడేదాకా కూర్చున్నాం. ఉత్తరాన నీలంగా సియాం కొండలు తేలాయి.

"నువ్వే ఎట్టరా."

"నేనా మావా?"

"నీ మాటతోనే కదా ఆడి కూడు ఆగింది. నీ సేత్తోనే ఎట్టు."

తిట్టలేదు. కాకి కోసం నేను ఆకాశంలోకి చూస్తుంటే, "ఇంతెత్తుకి కాకులు రావు. ఆడే వస్తాడు" అన్నాడు. క్షమించమని అడగలేకపోయాను. క్షమించాడో లేదో ఇప్పటికీ అనుమానమే.

మొన్న అమావాస్యకు రెండు పిండాలకు సరిపడా అన్నం కట్టుకుని పొద్దున్నే బయలుదేరాను. దారిలో మా పాత ఎస్టేటు గేటు దగ్గర కాపలా తీసేసి ఏళ్ళయింది, అడ్డుకర్ర కూడా లేదు. అయినా కాళ్ళు ఆగిపోయాయి. మూట విప్పి, ఎవరూ లేని ఆ గేటుకు అన్నం చూపిస్తూ కాసేపు నిలబడ్డాను.